కొండకర్ల ఆవ: ముందు నీళ్లు, తర్వాతే కొండ

పిట్టలకి పేరుపడ్డ మంచినీటి సరస్సు కొండకర్ల ఆవ. విశాఖలో దాని పేరు వినని వాళ్లు తక్కువ. దాన్ని చూడాల్సిన వేళలో చూసిన వాళ్లు ఇంకా తక్కువ. ఆదివారం ఇంట్లో టిఫిన్లు కానిచ్చి పదింటికి బండి తీస్తారు. దారిలో అనకాపల్లి ముందు తగులుతుంది కాబట్టి అక్కడి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ ఎక్కేస్తారు. దిగి, భోజనం చేసి, మిట్టమధ్యాహ్నం ఆవ గట్టు మీద నిలబడతారు. ఎదురుగా కళ్లు చెదిరే ఎండ, గుర్రపుడెక్క, ఎక్కడో దూరంగా నాలుగు కొంగలు. "దీనికోసమా ఇంత దూరం వచ్చాం" అని రెండు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. ఆవలో లోపమేం లేదు, వరస తిరగబడింది అంతే. అనకాపల్లిలో ఆగకుండా ముందు నీళ్ల దగ్గరికి పోవాలి. కొండ, ఊరు, బెల్లం మార్కెట్టు అన్నీ ఆ తర్వాత. పలు సీజన్లలో పలుసార్లు వెళ్లొచ్చాక తేలిన సంగతి ఇది. మిగతాదంతా దీని చుట్టూ వివరాలే.

ఆవ అంటే మన వైపు పల్లంలో నీరు నిలిచే నేల. రాజమండ్రి వైపు కూడా "ఆవ భూములు" అంటారు. కొండకర్ల ఆవకి మూడు వైపులా తూర్పు కనుమల కొండలు, మధ్యలో పళ్లెంలా పల్లం. కొండల మీద పడ్డ వాననీరు వచ్చి ఇందులో చేరుతుంది. రాష్ట్రంలో మంచినీటి సరస్సుల్లో కొల్లేరు తర్వాత దీన్నే చెబుతారు. అయితే అంతటా లోతు ఉండదు, ఎక్కువ భాగం గెడకి నేల అందుతుంది. లోతు తక్కువ కాబట్టే అడుగుదాకా వెలుతురు దిగుతుంది, నాచు, తామర, కలువ, జమ్ము, తుంగ పట్టుకుంటాయి. వాటిని నమ్ముకుని పురుగు, నత్త, చేప, వాటి కోసం పిట్ట. ఇదే లోతైన జలాశయమై ఉంటే చూడ్డానికి అందంగా ఉండేదేమో కానీ ఇన్ని పక్షులు ఉండేవి కావు.

సిటీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా జాతీయ రహదారి పట్టి అనకాపల్లి చేరి, అక్కడ అచ్యుతాపురం రోడ్డు ఎక్కాలి. హరిపాలెం దగ్గర పడగానే కొండకర్ల వైపు మళ్లడమే. గాజువాక వాళ్లకి పరవాడ మీదుగా అచ్యుతాపురం వెళ్లే దారి దగ్గరనిపిస్తుంది. చీకట్లో అది వద్దు. ఫ్యాక్టరీల లారీలు, షిఫ్టు బస్సులు వరస కడతాయి, రోడ్డు పనులు జరుగుతుంటే గొయ్యి ఎక్కడుందో లైటు వెలుగులో తెలియదు. డిసెంబర్‌లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరుంబావు ప్రాంతంలో. మద్దిలపాలెం నుంచైతే నాలుగున్నరకి, గాజువాక నుంచైతే అయిదింటికి బయల్దేరితే వెలుగు రాకముందే గట్టు మీద ఉంటారు. డిసెంబర్, జనవరిల్లో లంకెలపాలెం దాటాక పొలాల మీద మంచు దట్టంగా పడుతుంది, ఇంకో పావుగంట చేతిలో పెట్టుకోండి.

బస్సులో వెళ్లేవాళ్లకి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అనకాపల్లికి 500 నంబరు ఉంది. రైల్లో అయితే దువ్వాడ మీదుగా 33 కిలోమీటర్లే. చిక్కల్లా అక్కడి నుంచే. అనకాపల్లిలో దిగి, అచ్యుతాపురం వైపు ఆటో నిండేదాకా కూచుని, హరిపాలెంలో దిగి, మళ్లీ ఇంకో ఆటో దొరికేసరికి ఎనిమిదిన్నర దాటిపోతుంది. పిట్టలు చూడాలనుకుంటే సొంత బండి ఉండాలి, లేకపోతే ముందు రోజు రాత్రే అనకాపల్లి చేరి, పొద్దున్నకి ఆటో మాట్లాడుకోవాలి. వెళ్లడానికే కాదు, తిరిగి రావడానికి కూడా అదే ఆటోతో బేరం కుదుర్చుకోండి. దింపేసి వెళ్లిపోయిన ఆటో కోసం ఆ రోడ్డు మీద ఎండలో నిలబడటం ఎలా ఉంటుందో మాకు తెలుసు.

ఫోన్‌లో మ్యాప్‌ని కొంతవరకే నమ్మాలి. ఆవ పేరు కొడితే గుర్తు నీళ్ల మధ్యలో పడుతుంది. ఆ గుర్తుకి దగ్గరగా ఏ మట్టి గట్టు ఉంటే దాని మీదికి బండిని తోలిస్తుంది. ఓసారి అలాగే ఒక చేను గట్టు మీద కారు ఇరుక్కుని, తిప్పుకోవడానికి చోటు లేక, అరకిలోమీటరు రివర్స్‌లో రావాల్సి వచ్చింది. గమ్యంగా సరస్సుని కాకుండా కొండకర్ల ఊరిని పెట్టుకోండి. ఊళ్లోకి వచ్చాక "దోనెలు ఎక్కే రేవు ఏది?" అంటే ఎవరైనా చూపిస్తారు. ఆవకి అవతలి వైపు వాడ్రాపల్లి ఉంది, అక్కడా దోనెలు ఉంటాయి.

ఆవలో అసలు చూడాల్సిన వస్తువుల్లో మొదటిది ఈ దోనే. చాలామంది దాన్ని వింతగా చూసి ఎక్కేస్తారు తప్ప ఎలా చేశారో పట్టించుకోరు. వేప, తుమ్మ లాంటి చెట్లకి చేవ లోపల ఉంటుంది. తాటిచెట్టుకి తిరగేసి: చేవ అంతా బయట, లోపలంతా మెత్తని బెండు. అందుకే ముదురు తాటి మానుని పొడుగునా చీల్చి లోపలి బెండు తోడేస్తే, నీళ్లలో నానినా తొందరగా పాడవని గట్టి డొప్ప మిగులుతుంది. ఆ డొప్ప ఒక్కటే నీళ్లలో వేస్తే గుండ్రటి అడుగు కదా, మనిషి అటు ఒరిగితే అటు దొర్లిపోతుంది. రెండు డొప్పలు పక్కపక్కన పెట్టి అడ్డంగా కర్రలు బిగించి కట్టేస్తే దొర్లడం పోతుంది. మోటారు బోటు ఇక్కడ ఎందుకు పనికిరాదంటే, నాలుగు బారలు వెళ్లేసరికి ఫ్యానుకి తూడు, నాచు చుట్టుకుని ఆగిపోతుంది. దోనె మాత్రం తామరాకుల మీదుగా జారుకుంటూ పోతుంది. వెనక నిలబడ్డ మనిషి గెడ బురదలో గుచ్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి, దోనె ముందుకి జరిగాక గెడని కొద్దిగా మెలిపెట్టి లాగుతాడు. మెలిపెట్టకుండా లాగితే బురద గెడని వదలదు, దోనె వెనక్కి వస్తుంది. చూడ్డానికి సులువుగా ఉంటుంది. మీరు ఓసారి పట్టుకుంటే తెలుస్తుంది.

ఎక్కేముందు నాలుగు మాటలు. ఒక దోనెలో ఇద్దరికి మించి ఎక్కొద్దు, దోనె నడిపే అతను "పర్లేదండి, మీరందరూ పడతారు" అన్నా సరే. బరువు పెరిగే కొద్దీ అంచు నీటి మట్టానికి దిగుతుంది, ఒక్క కుదుపుకి నీళ్లు లోపలికొస్తాయి. గట్టు మీంచి దూకకుండా, ముందు అడ్డకర్ర మీద చెయ్యి వేసి, దోనె మధ్యలో కాలు పెట్టి, వెంటనే కూచోవాలి. ఒకరు ఈ డొప్పలో అయితే రెండోవారు ఆ డొప్పలో. అడుగున ఎప్పుడూ కాసిని నీళ్లు ఊరుతూనే ఉంటాయి, కంగారుపడక్కర్లేదు కానీ బ్యాగు అడుగున పెట్టొద్దు, ఒళ్లో పెట్టుకోండి. ఫోను ప్లాస్టిక్ కవర్లో. లైఫ్ జాకెట్ అడగండి. లేదంటే, ఈత రాని వాళ్లు, చిన్నపిల్లలు గట్టు మీంచే చూడటం మేలు. లోతు తక్కువే కదా అనుకుంటారు. నిజమే, కానీ కింద బురద, బురదలో తామర తూళ్లు. కాలు దిగబడితే ఈత వచ్చినవాడికీ బయటికి రావడం కష్టమే. ఇక్కడ దోనె తిరగబడే ప్రమాదం ఎక్కువగా ఎప్పుడంటే, తామరపువ్వు కోసం పక్కకి వంగినప్పుడు. తామర కాడ తేలిగ్గా తెగదు. లాగుతాం, అది ఇటు లాగుతుంది, మధ్యలో దోనె ఒరుగుతుంది. పువ్వు చూడండి, కొయ్యొద్దు.

రేటు, ఎంతసేపు, ఎక్కడిదాకా, ఈ మూడూ ఎక్కకముందే మాట్లాడుకోవాలి. "ఓ రౌండు" అంటే రేవు ముందు పది నిమిషాలు తిప్పి దింపేస్తారు. "పిట్టల కోసం వచ్చాం, జమ్ము దాకా వెళ్లి అక్కడ గెడ ఆపి కాసేపు ఉండాలి" అని విడమరిచి చెబితే వాళ్లకీ ఉత్సాహం వస్తుంది. అందులో చాలామంది చేపలు పట్టుకునే వాళ్లు, ఏ మూల ఏ పిట్ట దిగుతుందో పుస్తకాల కంటే బాగా తెలుసు. ముందు రోజే ఎవరి నంబరైనా సంపాదించి ఫోన్ చేసుకోండి. పొద్దున్న ఆరింటికి వాళ్లు వలల దగ్గర ఉంటారు, రేవులో ఉండరు.

వలస బాతులు అక్టోబర్ చివర్లో, నవంబర్‌లో మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి దిగి, మార్చికల్లా వెళ్లిపోతాయి. ఏడాది పొడుగునా ఉండేవి వేరు. నత్తగుల్ల కొంగ అలాంటిదే. దాని ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, నత్తని పట్టుకోవడానికి పనికొచ్చే ముక్కు అది. నీటికాకి కర్ర మీద కూచుని రెక్కలు చాపి ఎండబెట్టుకుంటుంది. బాతుకి ఈకలు తడవవు, దీనికి తడుస్తాయి, అందుకే సులువుగా మునుగుతుంది, ఆ తర్వాత ఇలా ఆరబెట్టుకోక తప్పదు. బుడుబుంగ మనం చూస్తుండగానే మునిగి, మనం చూడని చోట తేలుతుంది. కెమెరా దాని వెంట తిప్పడం దండగ.

దగ్గరగా చూడాలంటే నీలం రంగు పెద్ద నీటికోడి. ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు, జమ్ము అంచున తిరుగుతుంటుంది. ఒక కాడని ముక్కుతో పీకి, మనం చెరుకు ముక్క పట్టుకున్నట్టు కాలి వేళ్లతో పట్టుకుని, పైకెత్తి, మెత్తటి మొదలు మాత్రం కొరుక్కుని మిగతాది పారేస్తుంది. మళ్లీ ఇంకోటి. అది తిన్న చోట కొరికేసిన కాడలు కుప్పగా తేలుతుంటాయి, పిట్ట కనిపించకపోయినా ఆ కుప్పని బట్టి దగ్గర్లోనే ఉందని తెలుస్తుంది.

తామరాకుల మీద నడిచే జకానా అనే పిట్ట కోసమే చాలామంది వస్తారు. దాని కాలి వేళ్లు ఒంటికి మించిన పొడుగు అనిపిస్తాయి. బరువు ఆకంతా పంచుకుంటుంది కాబట్టి ఆకు మునగదు. ఇక్కడో తిరకాసు ఉంది. ఫొటోల్లో కనిపించే ఆ పొడుగాటి నెమలి తోక వానాకాలంలో, గుడ్లు పెట్టే రోజుల్లోనే ఉంటుంది. డిసెంబర్‌లో వస్తే తోక ఉండదు, ఒళ్లు మట్టిరంగు, తెలుపు. ఎదురుగా అదే నడుస్తున్నా "జకానా ఏదండీ?" అని అడిగిన వాళ్లని చూశాం. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పొదగడం, పిల్లల్ని సాకడం మగదాని పని. ఆడది ఈలోగా ఇంకో మగదాన్ని చూసుకుంటుంది.

బైనాక్యులర్ 8×42 చాలు. 10 రెట్లది దోనె కదలికకి ఊగిపోతుంది. పచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకోండి, తెల్ల చొక్కా నీటి మీద దూరం నుంచే బాతుల్ని లేపేస్తుంది. దోనెని పిట్టకి తిన్నగా నడిపించకుండా కొంచెం పక్కగా పోనిమ్మని చెప్పాలి. తిన్నగా వస్తున్నదేదైనా వేటగాడే అని పిట్ట అనుకుంటుంది. తొమ్మిది, తొమ్మిదిన్నరకి గాలి లేస్తుంది. అప్పుడు తేలే గుర్రపుడెక్క మొత్తం చాపలా జరిగి ఒక వైపు చేరుతుంది, పొద్దున్న వచ్చిన దారి మూసుకుపోతుంది. అందులో దోనె దూరితే గెడ మనిషికి చెమటలే. అందుకని ఎనిమిదిన్నరకల్లా వెనక్కి తిప్పడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో నీరు బాగా లోపలికి పోతుంది, బురద మిగులుతుంది. ఆ రోజుల్లో రావద్దు. ఆదివారాలూ వద్దు, పిక్నిక్ స్పీకర్లకి పిట్టలన్నీ అవతలి ఒడ్డుకి చేరతాయి.

గట్టు మీద తినడానికి ఏం దొరుకుతుందని నమ్ముకుని వెళ్లొద్దు. నీళ్ల సీసాలు, బిస్కెట్లు తీసుకెళ్లి, ఖాళీవి వెనక్కి తెచ్చుకోండి. ఆడవాళ్లకి టాయిలెట్ ఇబ్బంది ఉంది, అనకాపల్లిలోనే చూసుకోవాలి. టిఫిను కూడా వెనక్కొచ్చి అనకాపల్లిలోనే.

పదిన్నరకి బొజ్జన్నకొండ ఉన్న ఊరు శంకరం. అనకాపల్లికి సుమారు 3 కిలోమీటర్లు, ఆటోలు వస్తాయి. ఊరి పేరే కథ చెబుతుంది: సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల మఠం, నలిగి శంకరం అయింది. బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయింది. పక్క కొండ మీద రాతిని తొలిచి వరసలు వరసలుగా చెక్కిన స్తూపాలని చూసి జనం లింగాలనుకున్నారు, అది లింగాలకొండ. కనుమ రోజు ఇక్కడ తీర్థం. ఆ రోజు బొజ్జ ఉన్న విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసరడం ఇటీవలి కాలం దాకా ఉండేది. 1906-08 మధ్య పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. దొరికిన నాణేల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచింది. బౌద్ధంలోని హీనయానం, మహాయానం, వజ్రయానం అనే మూడు శాఖల జాడలూ ఒకే చోట ఉండటం దీని ప్రత్యేకత.

మెట్లెక్కగానే జనం ద్వారం దగ్గర ఫొటోలు తీసుకుని పైకి పోతారు. ద్వారపాలకుల మధ్య నుంచి లోపలికి వెళ్లి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగండి. 16 స్తంభాల గది, మధ్యలో అదే రాతి నుంచి చెక్కిన స్తూపం. కట్టిన గుడిలో స్తంభాలు తెచ్చి నిలబెడతారు, ఇక్కడ స్తంభం చుట్టూ ఉన్న కొండని తీసేశారు. కొన్ని స్తంభాలు మధ్యలో పోయి, పైకప్పు నుంచి మొదళ్లు మాత్రం వేలాడుతున్నాయి. అవి చూస్తే ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది. పైన పెద్ద స్తూపం, కింది భాగం రాయి, పై కట్టడం ఇటుక. దాని చుట్టూ మొక్కుబడి స్తూపాలు. లింగాలకొండకి దిగి మళ్లీ ఎక్కాలి, ఓపిక లేక చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే రెండింటిలో ఒకటే చూసే టైముంటే లింగాలకొండే చూడమంటాను. రాయి కాలిపోయే మధ్యాహ్నం మాత్రం వద్దు, చెట్టు నీడ తక్కువ. సాయంత్రం చీకటి పడకముందే దింపేస్తారు.

అనకాపల్లి ఊళ్లో నూకాలమ్మ గుడి ఉంది. కొత్త అమావాస్య జాతర రోజుల్లో వెళ్తే గుడి తప్ప ఇంకేమీ చూడలేరు, రోడ్డు కదలదు. బెల్లం మార్కెట్టు దేశంలో రెండో పెద్దదని పేరు. వేలం పొద్దున్నే ఉంటుంది కాబట్టి ఆవతో పాటు అదే రోజు కుదరదు, రాత్రి అనకాపల్లిలో ఉండి మర్నాడు చూడాలి. సంక్రాంతి ముందు నుంచి వేసవి మొదలుదాకా సరుకు బాగా వస్తుంది. టన్ను చెరుకాడితే బెల్లం దిగేది రమారమి క్వింటాలు. దిమ్మలు గుట్టలుగా పేర్చి రంగుని బట్టి రేటు కడతారు. లేత పసుపు దిమ్మకి ఎక్కువ ధర పలుకుతుంది కానీ ఆ మెరుపు మందు వేస్తే కూడా వస్తుంది. ఇంటికి కొనేటప్పుడు కొంచెం ముదురు రంగుదే అడగండి. దిమ్మ మూల విరిచి చూస్తే లోపల పలుకులు పలుకులుగా ఉండాలి. సాగితే చెమ్మ పట్టినట్టు, అరిసెల పాకానికి పనికిరాదు. విశాఖ తేమకి బెల్లం నీరు కారిపోతుంది, ఇంటికి రాగానే కాగితం తీసి గాలి చొరని డబ్బాలో వేసేయాలి.

రెండో రోజు మధ్యాహ్నానికి ఎలమంచిలి. రైల్లో కశింకోట, బయ్యవరం దాటాక వస్తుంది. అసలు గమ్యం ఎలమంచిలి ఊరు కాదు, రాంబిల్లి మండలం ధారపాలెం దగ్గరి పంచదార్ల. కొండ ఊట ధారలుగా పడే చోట ధర్మలింగేశ్వరుడి గుడి. ఎలమంచిలి చాళుక్యుల శాసనాలు ఇక్కడి స్తంభాల మీద ఉన్నాయి, 14, 15 శతాబ్దాల నాటివి. అక్షరాలు నున్నగా అరిగాయి, నడినెత్తిన ఎండ ఉంటే అసలు కనిపించవు. నాలుగు దాటాక వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు నీడ గీతల్లో తేలతాయి. ముగ్గు, సుద్ద పూసి చదవాలని చూడొద్దు, రాయి పాడవుతుంది. ఇక్కడే ఒంటి నిండా వరసలుగా బుల్లి లింగాలు చెక్కిన కోటిలింగం ఉంది. ముందు రోజు లింగాలకొండ మీద స్తూపాల వరసలు చూసొచ్చిన కళ్లకి దీని దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ధారల కింద స్నానం చేసేవాళ్లు ఉంటారు, రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, చెప్పులు బయటే విడిచి మెల్లగా నడవండి.

జకానా తోక చూడాల్సిన వాళ్లు ఆగస్టులో మళ్లీ రావాలి. అప్పుడు వలస బాతులు ఉండవు, జనమూ ఉండరు. వానకి రెయిన్‌కోటు తెచ్చుకోండి. దోనెలో గొడుగు మాత్రం విప్పొద్దు, దానికి గాలి పట్టిందంటే గెడ మాట వినదు.